బావకు చెప్పని బాకీ

మంగళవారం, రాత్రి

మూడు క్రెడిట్ కార్డులకు, ఒక ఓవర్‌డ్రాఫ్ట్‌కు సార్వభౌముడనైన నేను ఈ సాయంత్రం ఆటోనగర్‌లో బావ లేత్ షాపుకు శరణు కోరి వెళ్లాను. ఒక కార్డు గీకి మరో కార్డు బాకీ కట్టే విద్యలో ఇన్నాళ్లూ నన్ను మించినవాడు లేడు. ఈ నెల గీకడానికి కార్డే మిగల్లేదు.

అంతా విని బావ మెషిన్ ఆపాడు.

"నాకు తెల్సు బామ్మర్దీ. కార్డుకి రాసినప్పుడు నా నెంబరిచ్చీసినావు గదా. ఆళ్లు రోజూ నాకే ఫోన్ సేత్తన్నారు."

"మరి నన్నడగలేదేటి?"

"నువ్వే సెప్తావని సూసినాను. ఈ మధ్య నీ జోకులు ఎక్కువైపోనాయి. అప్పుడే అనుకున్నాను, ఈడు మునిగిపోనాడని."

తిట్టలేదు. రేపు బ్యాంకుకు తనూ వస్తానని, మేనేజరుతో మాట్లాడి బాకీని వాయిదాల్లోకి మార్పిద్దామని అన్నాడు. "ఖాతాలో వచ్చిందీ పోయిందీ అంతా నాను సూడాల. ఏదీ దాయకు."

మేనకోడలి స్కూలు ఫీజుకని అక్క చీటీ పాడి, బావకు తెలియకుండా దాచమని ఇచ్చిన డబ్బు వేసింది ఆ ఖాతాలోనే. ఓవర్‌డ్రాఫ్ట్ దాన్ని వేసిన రోజే మింగేసింది. అక్క మాత్రం భద్రంగా ఉందనే అనుకుంటోంది.

రాత్రికి వాళ్లింట్లోనే ఆగాను. బావ పడుకున్నాడు. అక్క వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. చెబుదామని ఇందాక వెళ్లాను. "ఏటిరా, ఆకలేత్తందా?" అంది. అవునన్నాను. పెరుగన్నం కలిపి పెట్టింది. తిని వచ్చేశాను.

గిన్నెల చప్పుడు ఆగేలోపు మళ్లీ వెళ్లాలి.