తాతమ్మ నోరని రాసేను

చోడవరం
1974, మాఘమాసం

బుల్లీ, నా బంగారు గుంటా,

నువ్వు బస్సెక్కి వెళ్ళిపోతే ఇల్లు బోసిపోతాదనుకున్నాను. లేదే తల్లీ, సంతలా ఉంది. మీ అన్న ఏడాది తద్దినానికని వచ్చి, ఆ పని అయ్యేక ఊరికే ఉండలేక, అరుగు మీద కూర్చుని టార్చిలైటు వేసి అందరి చెవులూ ముక్కులూ గొంతులూ చూసి వెళ్ళేవు కదా, ఇంకా ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. "మీ నర్సమ్మ మళ్ళీ ఎప్పుడొస్తాదప్పా?" అని. నేనేం తక్కువదాన్నా, నువ్వు చెప్పిందే చెప్పి పంపిస్తన్నాను.

మొన్న ఎదురింటి గుంటడికి ముక్కులోంచి రక్తం ధారగా కారింది. వాళ్ళమ్మ కేకలేస్తా వాడి తల వెనక్కి వాల్చబోయింది. "ఆగవే, రక్తం గొంతులోకి దిగుతాది" అని వాణ్ణి కూర్చోబెట్టి, తల ముందుకి వంచి, ముక్కు మెత్తగా ఉన్న కాడ రెండు వేళ్ళతో నొక్కి పట్టేను. నోటితో ఊపిరి తీసుకోమన్నాను. ఆగిపోయింది. ఆవిడ నన్ను చూసిన చూపు నువ్వు చూడాలి! నేను మూడో తరగతితో బడి మానేసినదాన్నని ఆ కాసేపు నాకే గుర్తు లేదు.

చిన్నతల్లి బాగుంది. పాపం, దాని ముక్కు కంపని వాళ్ళత్త బంతిలో కూడా కూర్చోనిచ్చేది కాదు. స్నానం చెయ్యదని తిట్టేది. నువ్వు అందరి ముందూ ఏటన్నావు? "ఇది పీనసం అత్తా. ముక్కు లోపలి పొర ఎండిపోయి పెచ్చులు కడతాది. ఆ వాసన మనకి తెలుస్తాది గానీ ఆమెకి తెలవదు, వాసన పట్టే శక్తే పోయింది. ఇది మురికి కాదు, జబ్బు" అన్నావు. ఆ పిల్ల గోడవైపు తిరిగి ఏడ్చింది. ఇప్పుడు నువ్వు చూపించినట్టే గోరువెచ్చని నీళ్ళలో ఉప్పూ వంటసోడా కలిపి ముక్కు కడుక్కుంటంది. నిన్న గణపతిరావు గారింట్లో భోజనాలకి వాళ్ళత్తే చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. అదంతా నీ చలవే.

కానీ చెవి కారడం గురించి చెప్పినప్పుడు నీ గొంతు మారింది. "చీము కంపు కొడతా కారుతోందంటే లోపల ఎముకని తినేస్తందేమో చూపించుకోవాలి. నూనె పొయ్యకండి, ఆకుపసరు పొయ్యకండి. దానికి తోడు తలనొప్పీ జ్వరమూ వాంతులూ వస్తే ఒక్క పూట కూడా ఆగకండి" అన్నావు. అన్న పేరు ఎత్తలేదు. ఎత్తకపోయినా అందరూ తలలు దించుకున్నారు. మన పెదబాబుకి చెవి కారితే ఎవరికి కారదని ఊరంతా అన్నదే కదా. బెల్లం వండుతా తలనొప్పని పాక పక్కన పడుకున్నాడు. వైజాగు పెద్దాసుపత్రికి తీసుకొచ్చేసరికే చీము మెదడుకి ఎక్కేసిందన్నారు. వాడు పోయిన ఆ వార్డులోనే నువ్వు అడిగి మరీ డ్యూటీ వేయించుకున్నావు. నీది నా కడుపున పుట్టిన గుండేనా అనిపిస్తాదే. నేనైతే ఆ గుమ్మం మళ్ళీ తొక్కలేను. వైజాగు రమ్మని మాత్రం రాయకు.

ఇంకొకటి. మీ తాతమ్మ పెద్దమ్మ నిన్ను అడగమంది. మేం ఆడోళ్ళం చుట్ట నిప్పు కొస నోట్లోకి పెట్టి అడ్డపొగ తాగుతామంటే పై రాష్ట్రాల డాక్టర్లు నమ్మరన్నావు కదా. అలా తాగేవాళ్ళకి అంగిలి తెల్లగా మందంగా అయిపోయి, మధ్యన ఎర్రటి చుక్కలొచ్చి, పులుసు తగిలితే భగ్గుమంటే ఏటి చెయ్యాలి? నొప్పేం లేదంట. తాతమ్మకే సుమా.

మీ అమ్మ
అప్పయమ్మ


చోడవరం
1974, ఫాల్గుణం

బుల్లీ,

నీ జవాబు వచ్చేసరికి తాతమ్మ మన వాకిట్లోనే చింతపండు గింజలు తీస్తంది. మా అమ్మాయి ఎంత బాగా రాస్తాదో విను అని గొప్పకి పోయి పైకి చదివేను. "అమ్మా, తాతమ్మ పెద్దమ్మ నోరు నేను వచ్చినప్పుడే లైటు వేసి చూసేను. ఆవిడ చుట్ట ఎప్పుడో మానేసింది. అంగిలి శుభ్రంగా ఉంది. మరి నువ్వు రాసిన నోరు ఎవరిది?" అక్కడికి నా నోరు ఆగిపోయింది. తాతమ్మ నోరు లేచింది.

"ఒలే అప్పయమ్మా! నాకు మచ్చలేసి పట్నం పంపించేవేటే? ఇంకా ఏటేటి రోగాలు రాసేవు నా పేరున? సెప్పు!"

"ఏదో రాసేన్లే."

"ఏదో ఏటి? తెరువు నోరు."

నేను తెరవలేదు.

"మూసుకోయే అంటే ఏనాడూ మూసుకోనిదానివి, ఇప్పుడు మూసేసేవేటే!" అని గెడ్డం పట్టుకుని ఎండకి తిప్పింది. చూసింది. చూసేక ఇంక నవ్వలేదు. చింతపండు అక్కడే వదిలేసి నా పక్కన కూర్చుండిపోయింది.

అవునే తల్లీ, అది నా నోరే. అరుగు మీద ఊరందరూ నీ ముందు నోళ్ళు తెరుస్తంటే, నేను పొయ్యి మీద పాలున్నాయని లోపలికి పోయేను. నువ్వు రాసిందంతా మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. నిప్పు వేడికీ పొగకీ అంగిలి పొర మందమవుతాదనీ, కొందరికి అది కేన్సరుగా మారుతాదనీ, నొప్పి లేదని ధీమాగా ఉండకూడదనీ, చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తేనే తెలుస్తాదనీ. భయపెట్టకుండానే నిజం చెప్పేవు. అలా రాయడం నీకు ఎవరు నేర్పేరే?

అడ్డపొగ నాకు సరదాకి రాలేదు బుల్లీ. అప్పుడు పెదబాబు చంటిపిల్లడు. వాణ్ణి ఒళ్ళో వేసుకుని చెరుకుతోట గట్టు మీద పాలిస్తా చుట్ట కాల్చేదాన్ని. గాలికి రవ్వలు లేచేవి. మీ నాయనమ్మ చూసి, "బిడ్డ మీద నిప్పు రాల్తాదే, లోపలికి తిప్పి పెట్టుకో" అని అడ్డపొగ నేర్పింది. నిప్పు నా నోట్లో ఉంటే వాడి మీద పడదని నాకు నిబ్బరం. వాడు పోయేక, ఆ వెచ్చదనం నోట్లో ఉన్నంతసేపూ వాడు ఒళ్ళో ఉన్నట్టే ఉంటాది. అందుకని ముందుకన్నా ఎక్కువ కాల్చేను. మచ్చ వస్తే రానీ, వాడి దగ్గరికే కదా పోతాననుకున్నాను. నిన్ను మర్చిపోయి అనుకున్నది కాదే. నువ్వు ధైర్యస్తురాలివి, నేను లేకపోయినా నిలబడతావని అనుకున్నాను.

రమ్మని రాసేవు. ముక్క తీయడానికి నాకు భయం లేదు. కిటికీ పక్కన వాడు పోయిన ఆ మంచానికే భయం. దాన్ని దాటి నేను లోపలికి రాలేను. ఇంకెక్కడైనా చూపించకూడదా? కనుక్కుని రాయి.

అమ్మ
అప్పయమ్మ


చోడవరం
1974, ఉగాది వెళ్ళేక

బుల్లీ, నా తల్లీ,

క్షేమంగా ఇల్లు చేరేను. నీ జవాబు రాకుండానే తాతమ్మ నన్ను బస్సెక్కించి లాక్కొచ్చిందని నీకు తెలుసు. దారి పొడుగునా "మచ్చలు నావి కదా, నేనే తీసుకెళ్ళాలి" అని దెప్పుతూనే ఉంది. నీకు తెలవనిది ఒకటి రాస్తాను.

మేం వచ్చినట్టు నీకు చెప్పొద్దని తాతమ్మని ఆపి, వార్డు గుమ్మం అవతల నిలబడ్డాను. నువ్వు ఒక ముసలాయనతో మాట్లాడతన్నావు. పక్క మీద అటు తిరిగితే ఇల్లంతా గిర్రున తిరుగుతోంది, గాలి సోకిందని ఆయన అంటన్నాడు. "గాలి కాదు తాతా, మనం పడిపోకుండా నిలబెట్టేది చెవి లోపలే ఉంటాది, దానికి వచ్చిన తేడా ఇది" అని నీ చేత్తో ఆయన తల మెల్లగా తిప్పి చూపిస్తన్నావు. ఎంత నిమ్మళంగా చెప్పేవే! ఆయన అన్నదే మళ్ళీ అంటే నువ్వూ విసుక్కోకుండా మళ్ళీ చెప్పేవు. కోపమొస్తే కంచం విసిరికొట్టిన గుంటేనా ఇది అనుకున్నాను.

అప్పుడు కిటికీ పక్క మంచం చూసేను. దాని మీద పెదబాబు ఈడువాడే ఒకడు తలకి కట్టుతో కూర్చుని మరమరాలు తింటన్నాడు. నువ్వు ఇటు చూడకుండానే వాళ్ళమ్మ నన్ను లోపలికి పిలిచి చోటిచ్చింది. వాళ్ళది చీడికాడంట. నేనెవరో ఆమెకి తెలవదు. ఆమె చెప్పింది: "చెవిలో చీము కారతందని వచ్చేం అప్పా. చేలో కోతలున్నాయని ఇంటికి పోబోతంటే, వీడు తలనొప్పి అన్న మాట ఆ నర్సమ్మ చెవిన పడింది. గేటు దాకా పరిగెట్టుకొచ్చి మా ఆయన చొక్కా పట్టుకుంది. 'వెళ్తే నన్ను తోసుకుని వెళ్ళండి' అని ఏడ్చింది. ఆ రోజే చెవి వెనక ఆపరేషను చేసేరు. ఇంకాస్త ఆగితే మెదడుకి ఎక్కేదంట."

తాతమ్మ మాడుగుల హల్వా పొట్లం నీకని తెచ్చింది. అది విప్పి ఆ గుంటడికి పెట్టేసేను. వాడు తింటంటే ఆ మంచం మీదే కూర్చున్నాను బుల్లీ. కూర్చోగలిగేను. పెదబాబు పోయిన మంచమని ఏడాదిగా అనుకున్నాను. ఆ మంచం నుంచి ఒక తల్లి కొడుకుని ఇంటికి తీసుకెళ్తందని నాకు తెలవదు. నువ్వు ఆ వార్డు ఎందుకు అడిగేవో అప్పుడు తెలిసింది. అప్పుడే లేచి వచ్చి, నీ ముందు నిలబడి, అడక్కుండానే నోరు తెరిచేను.

డాక్టరుగారు ముక్క తీస్తంటే నా తల పట్టుకున్నావు. అయ్యేక నా మూతి నువ్వే తుడిచేవు. ముక్క పరీక్ష వచ్చేదాకా నీ గదిలోనే ఉన్నాను. కేన్సరు కాదని కాయితం వచ్చినప్పుడు నువ్వు బయటికి పోయి మొహం కడుక్కుని వచ్చేవు. నేను చూడలేదనుకున్నావు. చుట్ట మానేస్తే మచ్చ తగ్గొచ్చు, మానకపోతే ముదరొచ్చు, ఎలాగైనా మళ్ళీ మళ్ళీ చూపించుకోవాలి అని డాక్టరుగారు చెప్పింది మర్చిపోలేదు.

ఇంటికి రాగానే చుట్టల కట్ట తాతమ్మ చేతికిచ్చేను. పొయ్యిలో పెట్టేసింది. నోరు లాగినప్పుడు లవంగం బుగ్గన పెట్టుకుంటన్నాను. చిరాగ్గానే ఉంటన్నాను, మీ నాన్నని తెగ తిడతన్నాను. ఆయన మాత్రం, "తిట్టుకో, నోరు బాగుపడతందని తెలుస్తంది" అంటన్నాడు. పెదబాబు మీద రాలకూడదని నోట్లో దాచుకున్న నిప్పు ఇన్నాళ్ళకి ఆర్పేసేను. పైసారి చూపించుకోడానికి నేనే వస్తాను, రమ్మని రాయక్కరలేదు.

కానీ నీ గదిలో ఉన్నన్నాళ్ళూ చూసేను. కేరియరు ఎలా తీసుకెళ్ళేవో అలాగే తెచ్చేదానివి, అన్నం ఎండిపోయి. అందరి గొంతులూ చూస్తావు గానీ నీ గొంతులోకి మెతుకు దిగిందో లేదో చూసుకోవు. తాతమ్మ చేత నీకు బెల్లం, నువ్వులు పంపిస్తన్నాను.

మీ అమ్మ
అప్పయమ్మ

వేళకి కూర్చుని, కడుపు నిండా అన్నం తినవే తల్లీ.