నా స్పీకర్లు అమ్మకానికి లేవు

దువ్వాడ

అన్నయ్యకూ వదినకూ చెల్లెలు సరోజ నమస్కారాలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. పార్వతీపురంలో మీరంతా ఎలా ఉన్నారు? వదిన మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్లో అయితే నువ్వు నన్ను మాట మధ్యలోనే ఆపేస్తావు, అందుకే కాగితం తీశాను. పూర్తిగా చదివాకే కోప్పడు.

కాలేజీ హాస్టల్లో వార్డెన్ పని అలవాటైంది. మెస్సులో పప్పు నీళ్ళలా ఉంటుంది గానీ, చేపల పులుసు నా గదిలో నేనే వండుకుంటున్నాను, తిండికి లోటు లేదు. ఉక్కపోత మాత్రం చెప్పలేను. ఈ గాలికి ఆంప్లిఫయర్ వెనక వైర్లు తగిలించే పిన్నులు కూడా చిలుం పడుతున్నాయి, తరచూ తుడవాల్సి వస్తోంది. సాయంత్రాలు స్టేషన్లో రైలు కూత వింటే ఎక్కేసి వచ్చేయాలనిపిస్తుంది. ఆ బుద్ధి పుట్టగానే పాట పెట్టేస్తాను. నా గురించి బెంగ వద్దు.

ఇక చెవి సంగతి. అప్పలరాజు బావ నీకు సగమే చెప్పి ఉంటాడు. ఆ రోజు పని ముగించుకుని వచ్చి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వీణ కచేరీ రికార్డు వేశాను. అందులో వీణ ఎడమవైపు, మృదంగం కుడివైపు వినపడాలి. మృదంగం ఒక్కటే మోగుతోంది. వైరు ఊడిందనుకుని హెడ్‌ఫోన్లు తిప్పి పెట్టుకున్నాను. ఈసారి కుడి చెవిలో వీణ పలికింది, మృదంగం పోయింది. పాడైంది వస్తువు కాదని అప్పుడు తెలిసింది. వెంటనే ఆస్పత్రికి వెళ్ళాను. డాక్టరు మందులిచ్చి చూశాడు. ఎడమ చెవి ఇక రాదన్నాడు, కుడిది నిక్షేపంగా ఉందన్నాడు.

కొన్నాళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఎడమవైపు నుంచి హాస్టల్ పిల్లలు పిలిస్తే పలికేదాన్ని కాదు, పొగరనుకున్నారు. ఒక ఆదివారం యారాడ వెళ్ళాను. సముద్రం నాకు ఎడమవైపు ఉంది, హోరు కుడివైపు నుంచి వస్తోంది. నిలబడి ఏడ్చాను అన్నయ్యా, నీ దగ్గర దాచను. ఆ తర్వాత కోపం వచ్చింది. మర్నాడు పిల్లలందరినీ కూర్చోబెట్టి చెప్పేశాను: "నాకు ఎడం సెవి ఇనపడదు. ఏటైనా సెప్పాలంటే కుడేపుకి రండి." ఎవరూ నవ్వలేదు.

ఆ రాత్రే నీకూ ఫోన్లో చెప్పాను. అంతలో నా స్పీకర్లు పట్టుకెళ్ళడానికి నువ్వు పంపావని బావ దిగాడు. ఆటో కింద ఆపి, తాళ్ళు పట్టుకుని మరీ వచ్చాడు.

"మీ అన్నయ్య సెప్పాడు. ద్వారకా నగర్లో కొనేవోడు రెడీగా ఉన్నాడు. ఒక్క సెవితో ఇయన్నీ ఏటి సేసుకుంతావు?"

"సెవి పోయింది గానీ పాట మీద ఇష్టం పోలేదు బావా."

"స్టీరియో అంటే రెండు సెవులున్నోళ్ళకే. మొండితనం మానీ."

"మొండిదాన్నే. నీకు తెల్దేటి?"

నీకూ తెలుసు అన్నయ్యా. చిన్నప్పుడు నేను పాడైన రేడియోలోంచి స్పీకరు ఊడదీసి, కుండ మూతికి కట్టి పాట వినిపించినప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు. మొదటి జీతంతో చీర కొనకుండా ఈ ఆంప్లిఫయర్ తెచ్చానని ఇల్లంతా నవ్వారు. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు ఈ పెట్టెలేమిటని అడిగితే, నాతోపాటే వస్తాయన్నాను. వాళ్ళు కాఫీ తాగి వెళ్ళిపోయారు. అప్పుడు వదలనివాటిని ఇప్పుడు వదులుతానా?

ఆంప్లిఫయర్‌కి మోనో అని ఒక మీట ఉంది. రెండువైపుల పాటనూ కలిపి ఒకటి చేసేస్తుంది. దాన్ని ముట్టుకోవడం నాకెప్పుడూ నామోషీగానే ఉండేది. బావ చూస్తుండగా నొక్కాను. ఇక రెండు స్పీకర్లూ నా కుర్చీకి కుడివైపే ఉండాలి. ఎడమదాన్ని నేనొక్కదాన్నే ఎత్తలేను.

"మొయ్యడానికే కదా వొచ్చావు? పట్టు బావా."

"ఆటోలోకా?"

"కాదు. ఈ గోడ కాణ్ణుంచి ఆ గోడ కాడికి."

బావ తిట్టుకుంటూనే మోశాడు. అదే రికార్డు వేశాను. నిజం చెప్పాలంటే, ఇదివరకటిలా గదంతా పరుచుకోలేదు. కానీ వీణా మృదంగమూ రెండూ నాకు చేరాయి. ఒక్కటీ పోలేదు. కింద ఆటోవాడు హారన్ కొడుతుంటే బావ కిటికీలోంచి, "నువ్వెల్లిపోరా, సామానేటీ లేదు" అని అరిచి, రికార్డు రెండోవైపు కూడా వేయమన్నాడు.

కాబట్టి ఇంకెవరినీ పంపకు. పంపితే వాళ్ళచేత కూడా ఏదో ఒకటి మోయిస్తాను. మీ అటక మీద నా రికార్డుల పెట్టె ఉంది. రికార్డులు నిలబెట్టే ఉంచు, ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే వంగిపోతాయి. ఎవరైనా ఇటు వస్తుంటే జాగ్రత్తగా పంపించు. పెద్దమ్మకు నా దణ్ణాలు, పిల్లలకు ముద్దులు.

పోయిన చెవి కోసం మొక్కులు మొక్కొద్దని వదినకు చెప్పు. ఉన్న చెవిని దీవించండి, చాలు.

మీ చెల్లెలు,
సరోజ