ఇంజక్షన్ శనివారాలు

నవంబర్ 8, 2025. భీమవరం

చెల్లి సత్యశ్రీకి గుండెలో వాల్వ్ చెడిందట. పుణె నుంచి బావగారు అనిల్ కుమార్ ఫోన్ చేశారు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని అది అన్నప్పుడు, బరువు తగ్గవే అని నవ్వినవాణ్ణి నేను. నా నోరు పడిపోను.

నవంబర్ 9

ఎకో రిపోర్ట్ వాట్సాప్‌లో వచ్చింది. మైట్రల్ స్టెనోసిస్, సివియర్. రొయ్యల చెరువుల మోటార్లు బాగుచేసేవాడికి ఏం అర్థమవుతుంది? బావగారినే అడిగాను. గుండెలో తలుపు బిగుసుకుపోయింది, సరిగ్గా తెరుచుకోవట్లేదండీ, రక్తం ఊపిరితిత్తుల్లోనే ఆగిపోతోంది అన్నారు. అది అర్థమైంది. పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వ్ పట్టేస్తే మోటారు ఎంత గింజుకున్నా నీళ్ళు రావు. మోటారైతే విప్పి చూసేవాణ్ణి.

నవంబర్ 11, మధ్యాహ్నం

చిన్నప్పటి కీళ్ళజ్వరం వల్లే వచ్చిందట. అది తిరగబెట్టి గుండెకు పాకకుండా అప్పట్లో ఇంజక్షన్లు సరిగ్గా వేయించారా అని డాక్టర్ అడిగారట. ఒక్కటీ మానలేదని అమ్మ మంచంలోంచే ఒట్టేస్తోంది. తుంటి విరిగి రెండు నెలలు. ఆమెను వదిలి నేను పుణె వెళ్ళలేను.

పాపం, అమ్మకేం తెలుసు.

అదే రోజు, సాయంత్రం

ఎక్కడో ఒకచోట చెప్పుకోవాలి.

దానికి పదేళ్ళు, నాకు పద్నాలుగు. మూడు వారాలకోసారి, శనివారం, ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కించి గోదావరి దాటించి, అవతల ఆసుపత్రిలో పెన్సిలిన్ వేయించుకు రావాలి. అది నా డ్యూటీ. ఆ మందు ఎక్కితే నిప్పు పెట్టినట్టుండేదట. ఏడుస్తూ, కుంటుతూ వచ్చేది. ఒకసారి అవతలి ఒడ్డున కోటిపల్లి రేవులో దిగనంటే దిగనని నా చొక్కా పట్టుకుంది. పోనీలే అన్నాను.

అంతే, అలవాటైపోయింది. అదే పంటు మీద వెనక్కి, మళ్ళీ ముందుకి. పంటు నడిపే భీమరాజు గారు, ఏంటి బాబూ, మకాం ఇక్కడే పెట్టేత్తారేంటి అనేవారు. పుల్ల ఐసు తిని నాలుక ఎర్రగా చేసుకుని నాకు చూపించేది. రిబ్బన్లు విప్పి గాలికి ఎగరేసేది. అబ్బ, ఎంత నవ్వేదో! ఇంటికొచ్చే ముందు, సూది వేసినచోట పెట్టినట్టు అంటించుకోమని దూది, ప్లాస్టరు నేనే ఇచ్చేవాణ్ణి. కుంటడం అదే ప్రాక్టీస్ చేసేది. అమ్మ నమ్మేసి, ఆ పూట గుడ్డు దానికే వేసేది.

పదో, పన్నెండో శనివారాలు. నా బతుకులో అంత బాగున్న రోజులు మళ్ళీ లేవు. దాని గుండెను తినేసినవీ అవే.

నవంబర్ 15

ఆపరేషన్ ఇరవయ్యిన. దానికి చెబుదామని ఫోన్ తీసి, పెట్టేశాను. పిరికి వెధవని.

నవంబర్ 18

చెప్పేశాను. ఆ పంటు, ఐసు, దూది, వాటివల్లే నీకిలా అయిందని.

తెలుసన్నయ్యా అంది. వాల్వ్ చెడుతోందని, ఇంజక్షన్లు మానడం వల్లేనని ఆరేళ్ళ క్రితం కాన్పప్పుడే డాక్టరమ్మ చెప్పిందట. మొగుడిక్కూడా చెప్పలేదట. ఎందుకే అంటే, చెబితే ఎవరు మాన్పించారని అమ్మ అడుగుద్ది కదా, ఇంక నువ్వు ఆ పంటుని నవ్వుతూ తలుచుకోలేవు కదా అంది.

బుద్ధుందా నీకు అని తిట్టాను. ఏడుస్తూనే తిట్టాను.

నవంబర్ 20, ఉదయం 8

లోపలికి తీసుకెళ్ళారు.

మధ్యాహ్నం 3.30

కొత్త వాల్వ్ వేశారు. బాగానే ఉందట. అమ్మ కాళ్ళు పట్టుకుని కూర్చుండిపోయాను. ఎందుకో ఆమె అడగలేదు.

డిసెంబర్ 5

రక్తం గడ్డకట్టకుండా మాత్రలు. అవి సరిపోయాయో లేదో వారం వారం రక్తపరీక్ష. ల్యాబ్ నుంచి వీడియో కాల్ చేసింది. నువ్వు చూడలేవు, పెట్టేయి అన్నయ్యా అంది. పెట్టలేదు. సూది దిగేదాకా చూశాను.