మిచికో పాటలు

శాంటా క్లారా,
8 నవంబరు 1987.

ప్రియమైన గోపాల్‌కి,

దామోదర్ నమస్కారాలు. అల్ఫారెట్టాలో నువ్వూ, మీనా, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. కొత్త ఇంటి పెరట్లో వంగమొక్కలు వేశామని మీనా రాసింది. చలి ముదిరేలోపు నాలుగు కాయలైనా కోసుకున్నారా? ఇక్కడ నేను క్షేమమే. ఉత్తరంలో అలా రాయడం మర్యాద కనక రాశాను.

మొన్న ఆదివారం నువ్వు ఫోన్‌లో అన్న మాటలకి అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. "జబ్బుపడ్డ పెళ్లాన్ని పార్సెల్ చేసి పుట్టింటికి పంపించేశావటగా! పోనీ, నువ్వూ కూడా వెళ్లొచ్చుగా? ఏం అడ్డొచ్చిందిరా నీకు?" అన్నావు. నేను జాబ్ అనీ, వీసా అనీ ఏదో నసిగాను. నువ్వు ఠపీమని ఫోన్ పెట్టేశావు. నాకు కోపం రాలేదు. శాన్ హోసే కోర్టులో మా పెళ్లికి సాక్షి సంతకం పెట్టినవాడివి. నీకు కాకపోతే అడిగే హక్కు ఇంకెవరికుంది? నోటితో చెప్పడం నా వల్ల కాదు. అందుకే రాస్తున్నాను. నీకు తెలిసిన ముక్కలు కూడా మళ్లీ వస్తాయి, విసుక్కోకు.

మనిద్దరం కలిసున్న పాత అపార్ట్‌మెంట్ లాండ్రీ రూములో మిచికో నాకు పరిచయమైంది. 1978 వానాకాలం. డ్రయ్యర్ మీద చిన్న కాసెట్ ప్లేయర్ పెట్టుకుని, బట్టలు మడతపెడుతూ, ఆ పాటతో పాటు మెల్లగా గొంతు కలుపుతోంది. ఏం పాటండీ అది అని అడిగాను. జపాన్‌లో వాళ్ల ఊళ్లో కుర్రకారు పాడుకునే పాటట. బడి అయిపోయిన నలుగురు స్నేహితులు మేడమీద వానలో తడుస్తూ, రేపటినుంచి ఎవరి దారి వారిదని ఒకరికొకరు చెప్పుకోలేక వాతావరణం గురించి మాట్లాడుకుంటారట. ఇంకోటి పెట్టింది. డ్రమ్ములు హోరెత్తిపోయే రాక్ పాట. ఇదైనా హుషారుగా ఉందన్నాను. ఆమె నవ్వి, ఇది అద్దెగదిలో ఒకే గిటారుని ముగ్గురు పంచుకున్న కుర్రాళ్ల పాట, ఇప్పుడు ఆ గిటారు ఎవరి దగ్గరుందో ముగ్గురికీ తెలియదు అంది.

ఇంత చిన్న వయసులో గడిచిపోయిన వయసు మీద ఇంత బెంగ ఏమిటన్నాను. ఆమె చెప్పిన జవాబు ఇప్పటికీ నా చెవిలో ఉంది. "మా పాటల్లో యవ్వనం ఎప్పుడూ నిన్ననే అయిపోయి ఉంటుంది," అంది. ఆమె ఇంగ్లీషు అంతంతమాత్రం, నాది మరీ గోదావరి ఇంగ్లీషు. అయినా ఆ మాట నాకు పూర్తిగా అర్థమైంది. ఆ రోజు నేను తడిబట్టలు డ్రయ్యర్‌లో వెయ్యకుండానే పట్టుకొచ్చేశానని నువ్వు నెల్లాళ్లు ఏడిపించావు.

పెళ్లయ్యాక మా ఇద్దరి మధ్యా ఇంగ్లీషే. నేను జపనీస్ నేర్చుకోలేదు, తనకి తెలుగులో వచ్చినవి రెండో మూడో మాటలు. మీనా నిన్ను పిలవడం విని నన్ను "ఏమండీ" అనేది. ఆఫీస్ పార్టీలో అందరి ముందూ అలా పిలిస్తే, నా పేరే ఎమాండీ అనుకున్నాడు మా మేనేజర్. వాళ్ల అన్నయ్య తెత్సువో వాళ్ల ఊరు నీగాతా నుంచి ఏటా కాసెట్లు పంపేవాడు. అన్నీ అవే పాటలు: వేసవి సెలవులు, సముద్రం, సైకిళ్లు, తిరిగిరాని స్నేహాలు. కార్‌లో అవి మోగుతుంటే మా ఎనిమిదేళ్లు గడిచిపోయాయి.

కిందటేడు మార్చిలో ఏం జరిగిందో నీకు తెలుసు. కిచెన్‌లో బియ్యం కడుగుతూ కూలిపోయింది. మెదడులో రక్తనాళం చిట్లింది. ఆపరేషన్ చేసి బతికించారు. కళ్లు తెరిచింది. నేను మాట్లాడితే నోటివైపు చూసేది, అంతే. ఇంగ్లీషు ఒక్క ముక్క మిగల్లేదు. సొంత భాషలోనూ "నీళ్లు", "చలి", "అమ్మ" లాంటి విడిమాటలే వచ్చేవి. దెబ్బ తగిలినప్పుడు కొందరికి తర్వాత నేర్చిన భాష ముందు పోతుందనీ, ఈమధ్య ఏళ్ల జ్ఞాపకాలు కూడా వస్తాయో రావో చెప్పలేమనీ డాక్టరన్నాడు. ఎనిమిదేళ్లు మేం మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషులోనేరా గోపాల్. అలకలూ, సరసాలూ, పుట్టకుండానే పోయిన బిడ్డకి అనుకున్న పేరూ, అన్నీ.

ఇంటికి తెచ్చాక ఒక సాయంత్రం దుప్పట్లు మడతపెడుతూ ఊరికే ఒక కాసెట్ పెట్టాను. కుర్చీలో కూర్చున్న మనిషి తల ఎత్తింది. పాట అందుకుంది. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి, ఒక్క మాట తడబడకుండా మొత్తం పాడింది. నేను దుప్పట్లో మొహం పెట్టుకుని ఏడ్చాను. మర్నాడు స్పీచ్ థెరపీ అమ్మాయికి చెప్తే, మాట పోయినా పాట మిగలడం ఉంటుంది, పట్టుకోండి, వదలొద్దు అంది.

పట్టుకున్నాను. ఆ పాటలన్నీ తెలుగు లిపిలో రాసుకున్నాను. వాళ్ల మాటలూ మన మాటల్లాగే చాలామటుకు అచ్చుతో ముగుస్తాయి, నాలిక తిరగడం కష్టం కాలేదు. అర్థాలు జపాన్‌టౌన్‌లో పూలకొట్టు నడిపే ఇనొవే అనే పెద్దావిడ చెప్పేది. వారానికి రెండుమూడుసార్లు వచ్చి మిచికో పక్కన కూర్చునేది. నేను సగం రోజు పనికి మారాను. ఒక పాట పాడితే స్నానానికి లేచేది, ఇంకోటి పాడితే అన్నం తినేది. సైకిళ్ల పాట పాడుకుంటూ ఇద్దరం వీధి చివరిదాకా నడిచేవాళ్లం. ఎదురింటి ముసలాయన ఆ టైముకి గడ్డి కత్తిరించడం ఆపి మిషన్ ఆర్పేసేవాడు. సంగీతం రాని నా గొంతు నీకు తెలుసు కదా. ఆమెకి అది చాలింది. నేను శ్రుతి తప్పితే మోకాలి మీద చిన్నగా కొట్టేది. ఆ దెబ్బ కోసం కావాలనే తప్పేవాడిని.

కానీ ఏడాది దాటినా పాట దాటి మాట రాలేదు. పాట ఆగగానే గదిలో ఇద్దరం మూగవాళ్లం. తనకి నొప్పి ఎక్కడుందో నేను అడగలేను, తను చెప్పలేదు. ఇనొవే గారు లేని రోజుల్లో కిటికీ దగ్గర నిలబడి ఏదో మాట కోసం పెదవులు కదిపి, దొరక్క, నుదుటితో అద్దాన్ని తాకి అలాగే ఉండిపోయేది.

సెప్టెంబరులో తెత్సువో వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే వాళ్ల ఊరి యాసలో ఏదో అన్నాడు. మిచికో గభాల్న తిరిగింది. జబ్బు చేశాక మొట్టమొదటిసారి ఒక పూర్తి వాక్యం మాట్లాడింది. నేను ఇనొవే గారి వైపు చూశాను. ఆవిడ కళ్లు తుడుచుకుని, "అన్నయ్యా, ఇంటికి వెళ్దామా అంటోంది," అని చెప్పింది.

తర్వాత రోజుల్లో ఇంకో వాక్యం, ఇంకో నాలుగు వచ్చాయి. తల్లి ఇంకా ఉంది. ఊళ్లో మంచి ఆసుపత్రి ఉంది, చుట్టూ ఆ మాటలు మాట్లాడేవాళ్లే. ఏడాదిన్నర నేను గొంతు చించుకుని పాడినా రానిది, అన్నయ్య ఒక్క పలకరింపుతో వచ్చింది. అది విన్నాక ఆమెని ఇక్కడే కూర్చోబెట్టుకోవడం ప్రేమ అవుతుందా చెప్పు. పంపించేద్దామని తెత్సువో అడగలేదు. నేనే అన్నాను. అతను నాకు వంచిన తల చాలాసేపు ఎత్తలేదు.

శాన్ ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్ట్‌లో నీలం కోటు వేసుకుని వచ్చింది. గేటు దగ్గర నాకు ఎదురుగా నిలబడి, వాళ్ల పద్ధతిలో నడుము వంచి మర్యాదగా నమస్కారం చేసింది. నేనూ అలాగే వంగాను. నేను లేచేసరికి అన్న చెయ్యి పట్టుకుని వెళ్లిపోతోంది.

మిచికో ఇప్పుడు తల్లి పక్కన కూర్చుని బఠాణీలు వొలుస్తోందట. చిన్న చిన్న మాటలు మాట్లాడుతోందని తెత్సువో రాశాడు. నాకు అది చాలు. నువ్వు తిట్టాలనుకుంటే తిట్టు, కానీ మాట్లాడటం మానకు. మాట్లాడేవాళ్లు తగ్గిపోతున్నార్రా నాకు. మీనాకి నా ఆశీస్సులు, పాపకి ముద్దులు.

నీ
దామోదర్

తా.క. కవరు అంటించబోయి ఆగాను. జాబ్, వీసా అని నీకు చెప్పినదంతా అబద్ధం. ఆగస్టులోనే తెత్సువోతో ఫోన్‌లో మాట్లాడుకున్నాను, అవసరమైతే అక్కడికే వెళ్లిపోదామని. ఆఫీస్‌లో రిజైన్ చేశాను, వీసా తీసుకున్నాను, వాళ్లతో పాటు నాకూ టికెట్ కొన్నాను. ప్రయాణానికి ముందు వారం, నేను టీ కలుపుతుంటే, మిచికో ఇనొవే గారి చెవిలో ఏదో చెప్పింది. అంత పొడుగు మాట తను ఇంకెప్పుడూ మాట్లాడలేదు. ఆవిడ నాకు చెప్పనంది. నేను వదల్లేదు. చివరికి చెప్పింది. "ఈయన చాలా మంచివారు. రోజూ వచ్చి నాతో పాటలు పాడుతున్నారు. పాపం, ఇంట్లో ఆయన భార్య ఎదురుచూస్తూ ఉంటుంది. ఇంక వెళ్లమని మీరైనా చెప్పండి," అందట. ఆమె తనింకా బడికి వెళ్లే పిల్లనేననుకుంటోంది గోపాల్. ఆ వయసులో నేను లేను. నేను కూడా వెళితే, తనకి రోజూ ఆ భార్యని తలుచుకుని దిగులు. సరే, ఇంటికి వెళ్తున్నానని చెప్పమన్నాను. ఇనొవే గారు చెప్పారు. మిచికో తేలిగ్గా ఊపిరి తీసుకుని, నా కప్పులో తన చేత్తో టీ పోసింది.