సీలు చింపింది నేనే

నూబియా,

సూపు పొయ్యి మీద ఉంది, వేడి చేసుకుని అరేపా రొట్టెతో తిను. నీ లాప్‌టాప్ విప్పి కొత్త మెమరీ నేనే పెట్టాను. పొద్దున ఇస్త్రీ చేశాను కదా, చేతులు చల్లారేదాకా ఆగే ముట్టుకున్నాను.

మెమరీ కొన్నప్పుడే "లాప్‌టాప్ అడుగున అంటించిన సీలు చిరిగితే వారంటీ పోయినట్టే సెన్యోరా" అన్నాడు కొట్టతను. "వారంటీ కాగితంలో ఆ మాట ఎక్కడుందో చూపించు నాయనా" అన్నాను. చూపించలేకపోయాడు. నేను విరగ్గొడితే ఆ తప్పు నాది. తెర దానంతటదే పోతే బాగుచెయ్యాల్సింది వాళ్ళే. రేపు పరీక్షలో నువ్వు నక్షా గీస్తుంటే లాప్‌టాప్ మళ్ళీ బిగుసుకుపోతే నీ ఏడాది పోతుంది. అందుకే చింపాను. ఎవరడిగినా ఇదే చెబుతాను.

పాత మెమరీ ముక్క మేరీమాత బొమ్మ వెనక దాచాను, పారెయ్యకు.

అమ్మ

ఇంకా ఆన్ చెయ్యలేదు, నాకు చేతులు రాలేదు. నువ్వే చేసి ఫోన్ చెయ్యి. వెలగకపోయినా చెయ్యి, కానీ ముందు తిను.