మీ చేతికి సరిపోయే తుపాకి

పోలీసు ఔట్‌పోస్ట్, 4 ఆగస్టు 2004

ప్రియమైన ఉషకు,

నేను క్షేమం. వచ్చే నెల ఇరవైన మూడు వందల మీటర్ల ఫైరింగ్ పరీక్ష. పాసైతేనే ఏన్కూరు వైపు బదిలీకి దరఖాస్తు పెట్టుకోనిస్తారట. మూడేళ్లుగా నిన్నూ పాపనూ సెలవుల్లోనే చూస్తున్నాను. ఈసారి తప్పకూడదు.

తుపాకి మేమే ఎంచుకోవచ్చు. ఎస్.ఎల్.ఆర్. బరువు, భుజం మీద గాడిదలా తంతుంది. ఇన్సాస్ తేలిక. రెండూ ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటా వదిలి, తర్వాతి దాన్ని అవే ఎక్కించుకుంటాయి. ఏది తీసుకోను? చీరకు మూడు దుకాణాలు తిరిగే మనిషివి, నువ్వే చెప్పు.

నీ కోటేష్

ఏన్కూరు, 11 ఆగస్టు

ప్రియమైన మీకు, నమస్కారాలు.

రంగు చెప్పి జాకెట్ కుట్టమన్నట్టుంది మీ ఉత్తరం. కొలతలేవి? మోచేయి మడిచి, ఆ మడత నుంచి చూపుడు వేలి మొదటి కణుపు దాకా కొలవండి. తుపాకి వెనక చివర నుంచి ట్రిగ్గర్ దాకా కూడా కొలవండి. తుపాకి తన్నిన చోట కమిలిన మచ్చ భుజం గుంటలో ఉందో, బయట చేతి మీద ఉందో రాయండి.

బరువు సంగతి నేనే చూద్దామని పెరట్లో రోకలి భుజానికి ఆనించి నిలబడ్డాను. గోడవతల నుంచి జంపక్క, "ఏందే ఉషా, ఎవర్ని కాలుస్తున్నవ్? మా ఆయన ఇంట్ల లేడు, ఉన్నప్పుడు రా!" అంది.

మీ ఉష

ఔట్‌పోస్ట్, 19 ఆగస్టు

ప్రియమైన ఉషకు,

నా చెయ్యి పదమూడు అంగుళాలు, నా ఎస్.ఎల్.ఆర్. పద్నాలుగున్నర. మచ్చ చేతి మీదే. టేపు పట్టుకొని ఆయుధాల గదికి పోతే అక్కడి పగిడయ్యన్న, "ఏంది తమ్మీ, తుపాకికి లంగా కుట్టిస్తవా?" అని అందరినీ పిలిచి చూపించిండు. కానీ ఒక మాట చెప్పిండు: తుపాకి వెనక కట్టెల్లో పొట్టివీ పొడుగువీ ఉంటాయట. నాకిచ్చింది ఆరడుగుల మనిషిది.

నీ కోటేష్

ఏన్కూరు, 26 ఆగస్టు

ప్రియమైన మీకు,

ఎస్.ఎల్.ఆరే తీసుకోండి, పొట్టి కట్టె వేయించుకొని. అంత దూరానికి బరువున్నదే కదలకుండా నిలుస్తుంది. తన్నింది తుపాకి కాదు, కొలత. రోజూ పది నిమిషాలు ఖాళీ తుపాకి పట్టి నిలబడండి. నేను రోకలితో నిలబడగలిగాను.

మీ ఉష

ఔట్‌పోస్ట్, 24 సెప్టెంబరు

ప్రియమైన ఉషకు,

ఇరవై తూటాలకు పందొమ్మిది తగిలాయి. అందరిలో ఫస్టు! అక్కడే కొంప మునిగింది. మా సారు, "గిసుంటి షూటర్‌ను ఊరికి పంపుతమా?" అని భద్రాచలం శిక్షణ శిబిరంలో రెండేళ్లు మాస్టర్‌గా వేసేశాడు. నాతోపాటు పరీక్ష రాసి ఒక్క తూటా కూడా తగలని బిచ్యాను మళ్లీ నేర్చుకొమ్మని ఖమ్మం పంపారు. ఆదివారం ఆదివారం ఇంటికి పోతాడట.

నాకు భద్రాచలంలో రెండు గదుల క్వార్టర్ ఇస్తామన్నారు. ఒక్కడికి ఎందుకని వద్దన్నాను.

నీ కోటేష్

ఏన్కూరు, 30 సెప్టెంబరు

ప్రియమైన మీకు,

వద్దన్నారా?

ఈ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకొని, ఇప్పుడే సారు దగ్గరకు పోయి కావాలనండి. దసరా సెలవులు కాగానే పాపను భద్రాచలం బడిలో చేర్పిస్తున్నాను, టీసీ అడిగాను. మీకు రాని బదిలీ మేమే తీసుకున్నాం.

త్వరలో మీ ఎదురుగా ఉండబోయే,
ఉష