మావయ్య సాక్ష్యం

హారిస్‌డేల్, పెర్త్
ఆదివారం

అమ్మకు,

ప్రభువు నామంలో హెలెనా వందనాలు. ఇక్కడ అందరం క్షేమమని మొదట రాయాలి కదా, రాశాననుకో. కరోలిన్ అత్తయ్యకు పంపిన చీరల మధ్య నువ్వు పెట్టిన ఉత్తరం అందింది. ఫోన్‌లో మాట్లాడదామంటే ఆనందబాబు మావయ్య పక్కనే కూర్చుంటాడు, అందుకే నేనూ కాగితం పట్టాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. వేళకు తింటున్నాను. చిక్కలేదు, నిద్ర చాలడం లేదంతే. యూనివర్సిటీలో అసైన్‌మెంట్లు, సాయంత్రాలు సూపర్‌మార్కెట్‌లో పని, పొద్దున్నే మావయ్యతో నడక. అత్తయ్యకు ఆసుపత్రి డ్యూటీలు కాబట్టి నడక నా వంతుకొచ్చింది. మావయ్య పార్కిన్‌సన్స్ జబ్బుకి మందులెంత ముఖ్యమో నడకా అంతే ముఖ్యమని డాక్టరమ్మ చెప్పింది. మామూలు రోజుల్లో వీధుల్లో, శనివారం కొండ మీద. నిజం చెప్పాలంటే శనివారం వస్తోందంటేనే నాకు ఒళ్లు బరువెక్కుతోంది.

నడుస్తూ నడుస్తూ ఆయన కాళ్లు హఠాత్తుగా నేలకు అతుక్కుపోతాయి. అప్పుడు నేను చప్పట్లు కొడుతూ కీర్తన ఎత్తుకోవాలి. ఆ తాళానికి అడుగు కదులుతుంది. కుక్కల్ని తిప్పుకునే తెల్లవాళ్లు మమ్మల్ని చూసి నవ్వి "గుడ్ ఆన్ యా" అని మెచ్చుకుంటారు. "ఇంకాస్త గట్టిగా పాడవే, వీళ్లకీ సువార్త అందుద్ది" అంటాడు మావయ్య. వేళాకోళానికేం తక్కువ లేదు నీ తమ్ముడికి.

ఇక అసలు సంగతి. కొండ మీద మావయ్య చేతులెత్తి నిలబడ్డ వీడియో నేనే పంపాను. అది చూసి తమ్ముడికి స్వస్థత కలిగిందని నువ్వు కాకినాడ సంఘమంతా చెప్పేశావు. కృతజ్ఞత కూడిక పెడతానని అందరినీ భోజనాలకు పిలిచి, దేవుడు బాగుచేశాడని ఆ రోజు ఫోన్‌లో సాక్ష్యం ఇమ్మని ఆయన్ని అడిగావు. ఆయన సరేనన్నాడు. ఆయన కోసం నువ్వు చేసే శుక్రవారం ఉపవాసాలు నాకు తెలుసమ్మా, అందుకే ఇంతవరకూ నోరు విప్పలేకపోయాను.

నిన్న కొండ సగం ఎక్కాక మావయ్య కాళ్లు ఆగిపోయాయి. చప్పట్లు కొట్టాను, పాడాను, గొంతు బొంగురుపోయింది. అడుగు పడలేదు. చేతికర్ర కూడా వణుకుతోంది.

"మావయ్యా, టాబ్లెట్ వేసుకున్నావా లేదా?" అని గట్టిగా అడిగాను.

"లేదే. నిన్నట్నించి మానేశాను." కర్ర మీద వాలాడు. "సాక్ష్యంలో అబద్ధం ఆడకూడదు కదే. నిజంగా తగ్గిందేమో చూద్దామనుకున్నాను."

"తగ్గలేదని అమ్మకి చెప్పెయ్యొచ్చుగా!"

"అక్క అంత సంతోషంగా మాట్లాడి ఎన్నాళ్లయిందో. కాదనడానికి నోరు రాలేదే."

ఆయన్ని ఒక బండ మీద కూర్చోబెట్టాను. మాత్ర నా బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది, నీళ్లతో మింగించాను. అది పనిచేసేదాకా ఎండలో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాం. ఆయన మీద కోపం వచ్చింది, నీ మీదా వచ్చింది, ఏడుపూ వచ్చింది. తర్వాత నా భుజం పట్టుకుని మెల్లగా కిందికి దిగాడు. కారెక్కాక, "వచ్చే శనివారం పైదాకా పోదామే" అన్నాడు. ఇంటికి రాగానే అత్తయ్య డాక్టరమ్మతో మాట్లాడి, మాత్రలు మళ్లీ వేళకు వేయిస్తోంది.

ఒకటి నీకు చెప్పాలి. మావయ్యకు తగ్గాలని ప్రార్థించడం నేను మానేశాను. ఇది పూర్తిగా తగ్గే జబ్బు కాదని తెలిశాక అడగలేకపోతున్నాను. ఈ రోజు మాత్ర వేసుకుని, బూట్లు కట్టుకుని గుమ్మం దాటితే చాలు దేవా అంటున్నాను. అంతకు మించి అడిగే ఓపిక నాలో లేదు. విశ్వాసం లేనిదాన్నని తిట్టుకుంటే నన్నే తిట్టుకో. కూడిక పెట్టుకో, అందరికీ కడుపునిండా భోజనం పెట్టు. మావయ్యను సాక్ష్యం మాత్రం అడగకమ్మా. నువ్వడిగితే ఆయన మళ్లీ మాత్ర మానేస్తాడు.

ఇట్లు,
అలిసిపోయిన నీ కూతురు
హెలెనా